పశ్చిమ ప్రకాశంలో హెల్మెట్ చట్టాలు

పశ్చిమ ప్రకాశంలో హెల్మెట్ చట్టాలు అనగా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, పెద్ద దోర్నాల పరిసర ప్రాంతాలలో సైకిలు, మోటారు సైకిలు, స్కూటరు మరియు విద్యుత్ ద్విచక్ర వాహనాలను నడిపేవారు హెల్మెట్ (శిరస్త్రాణం) ధరించే విషయంలో వర్తించే నిబంధనలు. భారతదేశంలో మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి. కాలితో తొక్కే సైకిలుకు అటువంటి జాతీయ చట్టం ఏదీ లేదు. ప్రపంచంలోని అనేక దేశాలలో సైకిలు హెల్మెట్ నిబంధన రాష్ట్రానికి ఒక రకంగా, కొన్నిచోట్ల నగరానికి ఒక రకంగా ఉన్నది. భారతదేశంలో ఇటువంటి తేడాలు ఎక్కువగా మోటారు సైకిళ్ళ విషయంలోనే కనిపిస్తాయి.

ప్రాంతం

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి విడదీయబడి అందులో కలపబడినవి. 1972లో ఈ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2025 చివరలో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినది. మోటారు వాహన చట్టం కేంద్ర చట్టం, దాని క్రింది నియమాలు కేంద్ర మరియు రాష్ట్ర ప్రభుత్వాలు చేసేవి. కాబట్టి జిల్లా మారినంత మాత్రాన హెల్మెట్ నిబంధన మారదు. అమలును సమీక్షించే జిల్లా రహదారి భద్రతా కమిటీ మాత్రం జిల్లాను బట్టి ఉంటుంది. ఈ కమిటీలను ఏర్పాటు చేసే అధికారం చట్టంలోని 215వ సెక్షన్ ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి లభించినది.

నల్లమల అడవులకు తూర్పున ఉన్న ఈ ప్రాంతంలో మూడు ముఖ్యమైన జాతీయ రహదారులు ఉన్నాయి. అవి:

* 544డి: అనంతపురం నుండి గిద్దలూరు, కంభం, వినుకొండల మీదుగా గుంటూరుకు పోయేది.
* 565: నల్గొండ, మాచర్ల వైపు నుండి యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరిల మీదుగా దక్షిణానికి పోయేది.
* 765: హైదరాబాదు నుండి శ్రీశైలం, దోర్నాలల మీదుగా వచ్చేది.

పొలాలకు, పలకల గనులకు, బడులకు పోయే సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు లారీలతోను, బస్సులతోను ఈ రహదారులనే పంచుకుంటాయి. తలకు తీవ్రమైన గాయం తగిలినవారిని పెద్ద ఆసుపత్రికి చేర్చాలంటే మార్కాపురం నుండి ఒంగోలుకు సుమారు 100 కి.మీ., గిద్దలూరు నుండి నంద్యాలకు ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 60 కి.మీ. ప్రయాణించాలి. కాబట్టి తలకు గాయం కాకుండా చూసుకోవడం ఇక్కడ నగరాలలో కంటే ఎక్కువ ముఖ్యం.

రాజ్యాంగంలో వాహనాల విభజన

సైకిలుకు, మోటారు సైకిలుకు చట్టం వేరు వేరుగా ఉండటానికి మూలం భారత రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో ఉన్నది. యంత్రశక్తితో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. వీటిపై కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయవచ్చును. యంత్రశక్తి లేని వాహనాలు రాష్ట్ర జాబితాలోని 13వ అంశంలో ఉన్నవి. సైకిలు, ఎద్దుల బండి, రిక్షా ఈ కోవకు చెందినవి. అందువలన సైకిలు హెల్మెట్ గురించి చట్టం చేసే అధికారం ప్రధానంగా రాష్ట్ర శాసనసభది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అటువంటి చట్టం చేయలేదు.

వాహనాలపై పన్ను కూడా రాష్ట్ర జాబితాలోనిదే (57వ అంశం). పూర్వం పంచాయతీలు, పురపాలక సంఘాలు సైకిళ్ళకు పన్ను వసూలు చేసి బిళ్ళ ఇచ్చేవి. రాత్రిపూట దీపం లేకుండా తొక్కినా, ఇద్దరు ఎక్కి తొక్కినా పోలీసులు పట్టుకునేవారు. ఆనాటి నిబంధనలలో దీపం, గంట, బిళ్ళ ఉండేవి కాని తలకు రక్షణ గురించిన ప్రస్తావన ఉండేది కాదు.

హెల్మెట్ నిబంధన చరిత్ర

1939 నాటి మోటారు వాహనాల చట్టంలో మొదట హెల్మెట్ ప్రస్తావన లేదు. 1977లో చేసిన సవరణ ద్వారా 85-ఎ సెక్షన్ చేర్చబడినది. మోటారు సైకిలు నడిపేవారు, దానిపై ప్రయాణించేవారు హెల్మెట్ ధరించాలని ఆ సెక్షన్ తెలిపినది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఇచ్చినది.

ఈ నిబంధన రాజ్యాంగబద్ధమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది ఆంధ్రప్రదేశ్ నుండే. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహన నియమాలలోని 498-ఎ నియమం హెల్మెట్‌ను తప్పనిసరి చేసినది. హెల్మెట్ పెట్టుకొమ్మని నిర్బంధించడం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే ప్రాథమిక హక్కుకు భంగమని పిటిషనరు వాదించారు. 1988లో అజయ్ కాను కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను త్రోసిపుచ్చినది. హెల్మెట్ ధరించమనడం సంచార స్వేచ్ఛను హరించడం కాదని, ప్రమాదంలో తలకు గాయం కాకుండా కాపాడటమే నియమం ఉద్దేశమని పేర్కొన్నది. ఆ తరువాత వివిధ రాష్ట్రాలలో హెల్మెట్ నియమాలపై వచ్చిన వివాదాలకు ఈ తీర్పు ఆధారమైనది.

1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ హెల్మెట్‌కు సంబంధించినది. భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రమాణాలకు తగిన హెల్మెట్ ధరించాలని ఇది తెలిపినది. హెల్మెట్‌ను పట్టీతో గట్టిగా బిగించుకోవాలని కూడా ఈ సెక్షన్ వివరణలో ఉన్నది. ఇదే సెక్షన్‌లో రాష్ట్ర ప్రభుత్వాలు తమకు తోచిన మినహాయింపులను నియమాల ద్వారా ఇవ్వవచ్చునన్న వాక్యం ఉండేది. రాష్ట్రాల మధ్య తేడాలకు ఈ ఒక్క వాక్యమే ముఖ్య కారణమైనది.

2019 సవరణ

2019 నాటి మోటారు వాహనాల (సవరణ) చట్టం 129వ సెక్షన్‌ను పూర్తిగా మార్చివేసినది. ఇందులోని ముఖ్యమైన మార్పులు:

* నాలుగేళ్ళు దాటిన ప్రతి వ్యక్తి, నడుపుతున్నా వెనుక కూర్చున్నా, హెల్మెట్ ధరించాలి.
* తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు కొనసాగినది.
* రాష్ట్రాలు తమ ఇష్టానుసారం మినహాయింపులు ఇవ్వవచ్చునన్న వాక్యం తొలగించబడినది.
* నాలుగేళ్ళ లోపు పిల్లల భద్రతకు నియమాలు చేసే అధికారం కేంద్రానికి ఇవ్వబడినది.

ఇదే సవరణ ద్వారా 194-డి అనే కొత్త సెక్షన్ చేరినది. హెల్మెట్ లేకుండా నడిపినవారికి 1000 రూపాయల జరిమానా మరియు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఇందులోని శిక్షలు. ఈ సెక్షన్ 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. అంతకు ముందు ఈ తప్పుకు 177వ సెక్షన్ క్రింద మొదటిసారి 100 రూపాయల వరకు మాత్రమే జరిమానా ఉండేది.

అయితే రాష్ట్రాల మధ్య తేడాలు పూర్తిగా తొలగిపోలేదు. కోర్టుకు పోకుండా అక్కడికక్కడే రాజీ రుసుము కట్టించుకొనే అధికారం 200వ సెక్షన్ క్రింద రాష్ట్రాలకు ఉన్నది. ఆ రుసుము ఎంత అన్నది రాష్ట్రమే నిర్ణయిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024లో హెల్మెట్ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని ప్రభుత్వాన్ని, పోలీసులను ఆదేశించినది.

ఏ వాహనానికి ఏ నిబంధన

ఈ ప్రాంతంలో ఒకే రోడ్డుపై ప్రయాణించే వేర్వేరు వాహనాలకు నిబంధనలు ఈ విధంగా ఉన్నవి.

* కాలితో తొక్కే సైకిలు: హెల్మెట్ తప్పనిసరి కాదు. పెద్దలు, పిల్లలు అన్న తేడా లేదు.
* తక్కువ వేగపు విద్యుత్ సైకిలు, స్కూటరు: కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాట్ల కంటే తక్కువగాను, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. కంటే తక్కువగాను ఉండి, బరువు మొదలైన ఇతర షరతులకు లోబడిన వాహనం మోటారు వాహనంగా పరిగణించబడదు. కాబట్టి 129వ సెక్షన్ దీనికి వర్తించదు.
* ఇతర విద్యుత్ స్కూటర్లు: పెట్రోలు స్కూటరుతో సమానం. హెల్మెట్ తప్పనిసరి.
* మోటారు సైకిలు, స్కూటరు, మోపెడ్: నడిపేవారికి, వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ తప్పనిసరి.
* ఆటో: హెల్మెట్ నిబంధన వర్తించదు.

చట్టంలో వాడిన మాట బహిరంగ స్థలం. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ రోడ్డయినా, వీధి అయినా బహిరంగ స్థలమే. కనుక జాతీయ రహదారి మీద హెల్మెట్ కావాలి, ఊళ్ళో అక్కరలేదు అన్న అభిప్రాయం సరి కాదు. మార్కాపురం పురపాలక సంఘం పరిధిలోని వీధికి, నల్లమల అంచున ఉన్న గూడెం దారికి 129వ సెక్షన్ ఒకే విధంగా వర్తిస్తుంది.

నాలుగేళ్ళ లోపు పిల్లలు

2022 ఫిబ్రవరి 15న కేంద్రం 138వ నియమానికి చేసిన సవరణ ద్వారా పిల్లల గురించి ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. ఇవి ఒక సంవత్సరం తరువాత అమలులోకి వచ్చేట్లుగా ప్రకటించబడినవి. వీటి ప్రకారం నాలుగేళ్ళ లోపు బిడ్డను మోటారు సైకిలుపై తీసుకొని పోయేటపుడు బిడ్డను నడిపేవారికి కలిపే భద్రతా పట్టీ వాడాలి. వేగం గంటకు 40 కి.మీ. మించరాదు. 9 నెలల నుండి 4 సంవత్సరాల వయస్సు గల బిడ్డ తన తలకు సరిపోయే హెల్మెట్ గాని, ఐరోపా లేదా అమెరికా ప్రమాణాలకు తగిన సైకిలు హెల్మెట్ గాని ధరించాలి. ఈ విధంగా భారతదేశపు నియమాలలో సైకిలు హెల్మెట్ సైకిలు తొక్కేవారి కోసం గాక మోటారు సైకిలు ఎక్కిన పసిబిడ్డల కోసం చోటు చేసుకున్నది.

సైకిలు హెల్మెట్ నిబంధన రాగల మార్గం

2019 సవరణలో 138వ సెక్షన్‌కు (1ఎ) అనే ఉపసెక్షన్ చేర్చబడినది. దీని ప్రకారం యంత్రశక్తి లేని వాహనాలు, పాదచారులు బహిరంగ స్థలాలలో సంచరించడాన్ని క్రమబద్ధం చేస్తూ రహదారి భద్రత కోసం రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయవచ్చును. అయితే ఆ నియమాలు జాతీయ రహదారులకు సంబంధించినవైతే భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను సంప్రదించి చేయాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ఊళ్ళు జాతీయ రహదారులపై ఉన్నందున ఈ షరతు ఈ ప్రాంతానికి ముఖ్యమైనది. ఊరి లోపలి వీధుల గురించి రాష్ట్రం స్వయంగా నియమం చేయగలదు. అదే సైకిలు ఊరు దాటి రహదారి ఎక్కిన చోట మాత్రం సంప్రదింపు అవసరమవుతుంది.

2025 అక్టోబరు 7న రహదారి భద్రతకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ ఉపసెక్షన్ క్రింద ఆరు నెలలలోగా నియమాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించినది. ఈ ఆదేశం సైకిలు హెల్మెట్‌ను తప్పనిసరి చేయమనలేదు. పాదచారులు, సైకిళ్ళవంటి వాహనాలు నడిపేవారి భద్రత దీని ఉద్దేశం.

ఇతర రాష్ట్రాలలో

రాష్ట్రాల మధ్య, ఒక్కోసారి ఒకే రాష్ట్రంలోని పట్టణానికి పల్లెకు మధ్య వచ్చిన తేడాలకు కొన్ని ఉదాహరణలు:

* ఢిల్లీ: స్త్రీలకు చాలాకాలం మినహాయింపు ఉండేది. 2014 ఆగస్టులో సిక్కు స్త్రీలకు తప్ప మిగిలిన స్త్రీలకు హెల్మెట్ తప్పనిసరి చేయబడినది.
* తమిళనాడు: మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు 2015 జూలై 1 నుండి కచ్చితమైన అమలు మొదలైనది.
* కర్ణాటక: 2016 జనవరిలో వెనుక కూర్చున్నవారికి కూడా తప్పనిసరి చేయబడినది. 2019 సెప్టెంబరులో రుసుము 500 రూపాయలకు తగ్గించబడినది.
* గుజరాత్: 2019 డిసెంబరులో నగరపాలక, పురపాలక సంఘాల పరిధిలో హెల్మెట్ ఐచ్ఛికమని మంత్రివర్గం నిర్ణయించినది. విమర్శలు, హైకోర్టులో పిటిషన్ తరువాత 2020 జనవరిలో వెనుకకు తగ్గినది.
* పుదుచ్చేరి: 2019 ఫిబ్రవరిలో హెల్మెట్ అమలుపై లెఫ్టినెంట్ గవర్నరు కిరణ్ బేడీకి, ముఖ్యమంత్రి వి.నారాయణస్వామికి మధ్య వివాదం జరిగినది. ఆంధ్రప్రదేశ్ భూభాగం మధ్య ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోనిదే కాబట్టి తెలుగువారు నివసించే ఈ పట్టణంలో నిబంధనల అమలు పుదుచ్చేరిని అనుసరిస్తుంది.

ఇతర దేశాలలో సైకిలు హెల్మెట్ చట్టాలు

సైకిలు తొక్కే అందరికీ హెల్మెట్‌ను తప్పనిసరి చేసిన మొదటి ప్రాంతం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. అక్కడ 1990 జూలై 1 నుండి ఈ చట్టం అమలులోకి వచ్చినది. న్యూజీలాండ్‌లో 1994 జనవరి 1 నుండి అమలైనది. ఆస్ట్రేలియాలోనే నార్తర్న్ టెరిటరీలో 17 ఏళ్ళు నిండినవారు కాలిబాటలపై, సైకిలు దారులపై హెల్మెట్ లేకుండా తొక్కవచ్చును.

తెలుగువారు అధికంగా నివసించే అమెరికాలో జాతీయ చట్టం లేదు. కాలిఫోర్నియాలో 18 ఏళ్ళ లోపు వారికి, న్యూజెర్సీలో 17 ఏళ్ళ లోపు వారికి తప్పనిసరి. టెక్సస్ రాష్ట్రానికి చట్టం లేకపోయినా డల్లాస్ నగరం 1996లో అన్ని వయస్సుల వారికి నిబంధన పెట్టి, 2014లో దానిని 18 ఏళ్ళ లోపు వారికి పరిమితం చేసినది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ తన నిబంధనను 2022లో రద్దు చేసినది. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో అందరికీ, అంటారియోలో 18 ఏళ్ళ లోపు వారికి తప్పనిసరి. సింగపూరులో 2019 నుండి రోడ్డు మీద తొక్కేవారికి తప్పనిసరి. ఫ్రాన్సులో 2017 నుండి 12 ఏళ్ళ లోపు పిల్లలకు తప్పనిసరి. జపానులో 2023 ఏప్రిల్ 1 నుండి అందరూ హెల్మెట్ ధరించడానికి ప్రయత్నించాలన్న నిబంధన వచ్చినది కాని ధరించనివారికి జరిమానా లేదు.

చట్టం చేసి వెనుకకు తీసుకొన్న ప్రాంతాలు కూడా ఉన్నవి. మెక్సికో నగరం 2010లో రద్దు చేసినది. ఇజ్రాయెల్ 2011లో పట్టణాలలో తొక్కే పెద్దలకు సడలించినది. సైకిళ్ళ వాడకం అధికంగా ఉన్న నెదర్లాండ్స్, డెన్మార్కులలో సాధారణ సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి కాదు.

స్పెయిన్ నియమాలు ఎండ, కొండదారి కలిగిన పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాలవారికి ఆసక్తికరమైనవి. 2003లో రూపొందించిన ఆ నియమాలు ఊరి బయటి రోడ్ల మీద హెల్మెట్‌ను తప్పనిసరి చేస్తూనే, పొడవైన ఎక్కుడు దారులలోను, తీవ్రమైన వేడి ఉన్నపుడు మినహాయింపు ఇచ్చినవి.

ప్రయోజనం, వాదోపవాదాలు

హెల్మెట్ ధరించడం వలన వ్యక్తికి కలిగే రక్షణపై పరిశోధకులలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. అనేక అధ్యయనాలను క్రోడీకరించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం మోటారు సైకిలు హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుంది. సైకిలు హెల్మెట్లపై 2016లో ఆలివియర్, క్రైటన్ ప్రచురించిన సమీక్ష ప్రకారం తల గాయాల అవకాశం సుమారు 51 శాతం, తీవ్రమైన తల గాయాల అవకాశం 69 శాతం తగ్గుతుంది.

భేదాభిప్రాయం ఉన్నది నిర్బంధం విషయంలో. చట్టం వలన సైకిలు తొక్కేవారే తగ్గిపోతారని, వ్యాయామం వలన కలిగే మేలు పోతుందని వ్యతిరేకించేవారు అంటారు. ఢీకొట్టే వాహనాల వేగాన్ని తగ్గించకుండా భారమంతా బాధితునిపై మోపడం న్యాయం కాదని కూడా వాదిస్తారు. సమర్థించేవారు తల గాయం ఒక్కరి జీవితంతో ఆగదని, కుటుంబమంతా దాని ఫలితం అనుభవిస్తుందని అంటారు.

పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతానికి ఈ చర్చలో మరొక కోణం ఉన్నది. ఇక్కడ సైకిలు తొక్కేవారిలో బడిపిల్లలు, కూలీలు, చిన్న వ్యాపారులు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడికొస్తా పథకం ద్వారా ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంపిణీ చేసినది. ఆడపిల్లలు చదువు మానకుండా ఉండటం దాని ఉద్దేశం. హెల్మెట్ కొనలేని కుటుంబానికి జరిమానా విధిస్తే ఆ సైకిలు మూలపడే అవకాశం ఉన్నది. అందుకే నిర్బంధం కంటే ముందు తక్కువ ధరకు హెల్మెట్ అందుబాటులో ఉండటం అవసరమన్న వాదన బలమైనది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో గాలి ఆడని బరువైన హెల్మెట్‌కు సహజంగానే వ్యతిరేకత ఉంటుంది. సైకిలు హెల్మెట్‌కు గాలి రంధ్రాలు ఉంటాయి, బరువు కూడా తక్కువ.

హెల్మెట్ నాణ్యత

మోటారు సైకిలు హెల్మెట్‌కు భారత ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం నేరం. సైకిలు హెల్మెట్‌కు ఐరోపాలో ఇఎన్ 1078 ప్రమాణం ప్రసిద్ధమైనది. సైకిలు హెల్మెట్ తక్కువ వేగంలో పడినపుడు కాపాడటానికి తయారు చేయబడినది. మోటారు సైకిలు నడిపేవారు దానిని ధరిస్తే చట్టరీత్యా చెల్లదు, తగిన రక్షణ కూడా ఇవ్వదు. గనులలో, కట్టడాల వద్ద వాడే ప్లాస్టిక్ టోపీ కూడా అంతే. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి పగులు కనిపించకపోయినా మార్చవలెను. పట్టీ బిగించని హెల్మెట్ ప్రమాదంలో తల నుండి ముందే ఊడిపోతుంది.

ప్రమాదం జరిగినపుడు

హెల్మెట్ లేదన్న కారణంతో సైకిలు తొక్కేవారు నష్టపరిహారం కోల్పోరు, ఎందుకనగా వారికి ఆ బాధ్యతను ఏ చట్టమూ విధించలేదు. మోటారు సైకిలు విషయంలో కూడా నిబంధన ఉల్లంఘించినంత మాత్రాన నిర్లక్ష్యంలో భాగం ఉన్నట్లు కాదని, ఆ ఉల్లంఘనకు, ప్రమాదానికి లేదా గాయానికి సంబంధం ఉన్నట్లు రుజువు కావాలని 2020లో ముగ్గురు ప్రయాణించిన ఒక మోటారు సైకిలు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

ఢీకొట్టిన వాహనం ఆగకుండా వెళ్ళిపోయి దాని ఆచూకీ తెలియనపుడు, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు పరిహారం లభిస్తుంది. 2025 మే 5న నోటిఫై చేసిన మరొక పథకం మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు రహిత చికిత్స కల్పిస్తుంది. మోటారు వాహనం ఢీకొట్టినట్లయితే సైకిలు తొక్కేవారు, పాదచారులు కూడా ఈ రెండు పథకాలకు అర్హులు.

ఇవి కూడా చూడండి

* మార్కాపురం
* గిద్దలూరు
* కంభం
* సైకిలు
* హెల్మెట్
* మోటారు వాహనాల చట్టం, 1988
* నల్లమల అడవులు